పాయ దాటిన ఇంటిబస్సు

మా అమ్మమ్మ రేవిన్ ముప్పై ఒక్క ఏళ్ళు బడి బస్సు నడిపింది. బండి కదిపే ముందు ఒకసారి పడమటి కొండల వైపు చూసేది. తరవాతే తాళం తిప్పేది. బస్సులో ఒకడు ఇంకొకడి మీద చేయి చేసుకుంటే ఎక్కడున్నా సరే, గొర్రెల దొడ్డి పక్కనైనా, వడగళ్ళ వానలోనైనా ఆపేసేది. అరిచేది కాదు. ఇంజను కట్టేసి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చునేది. కొట్టినవాడు దిగి, బస్సు చుట్టూ ఒక చుట్టు నడిచొచ్చి వెనక సీట్లో కూర్చునేదాకా బండి కదిలేది కాదు. మా ఊళ్ళో ఇప్పుడు నలభై, యాభై ఏళ్ళున్న మగవాళ్ళలో సగం మంది అలా నడిచినవాళ్ళే. వాళ్ళలో ఒకడు ఇప్పుడు పోలీసు.

ఆమె పుట్టింది ఏటి పక్కన. వాళ్ళ నాన్న క్లారీ ఏట్లోంచి గులకరాళ్ళు లారీకెత్తి రోడ్లు వేసేవాళ్ళకు తోలేవాడు. తల్లి లేని పిల్లని ఇంట్లో ఒంటరిగా వదల్లేక లారీలో పక్కన కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. పదమూడేళ్ళు వచ్చేసరికి స్టీరింగు ఆమె చేతికిచ్చి తను పారతో దిగేవాడు. మా ఏరు ఒక ఏరు కాదు. మైలు వెడల్పు రాళ్ళ మీద పది పాయలుగా చీలి, కలిసి, మళ్ళీ చీలి పారుతుంది. నిన్నటి పాయ ఇవాళ ఉండదు. ఎక్కడ దిగాలో, ఎక్కడ దిగకూడదో క్లారీ కూతురికి నేర్పాడు. చదువు మాత్రం అంతగా చెప్పించలేదు.

పంతొమ్మిదో ఏట ఒక డాన్సులో నెవిల్ కనిపించాడు. పొడగరి, నవ్వు బాగుండేది. పెళ్ళి చేసుకుని దక్షిణం కొసకి, కబేళా ఉన్న ఊరికి తీసుకుపోయాడు. ఆయన్ని నేనెప్పుడూ తాత అని పిలవలేదు. మా ఇంట్లో ఆయన పేరు నెవిలే.

నెవిల్ గొంతులు కోసేవాడు. గొర్రెలు వెనక కాళ్ళకు వేలాడుతూ గొలుసు మీద వస్తుంటే, ఒక్కో మనిషి ముందుకు వచ్చేసరికి ఒక్కో పని జరగాలి. మొదటి పని నెవిల్‌ది. నిమిషానికి ఏడు మెడలు. ఏడెనిమిది నెలలు అదే పని. చలికాలంలో గొలుసు ఆగిపోయేది. మనుషులు ఇంటికొచ్చేవాళ్ళు. చేతులు మాత్రం ఆగేవి కావని అమ్మమ్మ అనేది. తలుపు గట్టిగా వేసినందుకు ఒకటి, టీ చల్లారినందుకు ఒకటి. ఏ కారణమూ దొరక్కపోతే, అలా చూస్తున్నావేం అని ఒకటి. ఆమె బల్ల మీద పౌడరు డబ్బా ఎప్పుడూ ఉండేది, దెబ్బల మీద పూసుకోవడానికి. తనకు తాను ఒక గీత గీసుకుంది: నా దాకా అయితే సరే, పిల్లల దాకా వస్తే కాదు.

పిల్లలు ఇద్దరు. మా అమ్మ జిలియన్, మా మావయ్య డారిల్. నేను చెప్పే సెప్టెంబరులో, అంటే మా వైపు చలికాలం వెళ్ళే నెలలో, అమ్మకు పదకొండు, మావయ్యకు ఏడు.

ఆ ఏడు నెవిల్ ఒక పాత బస్సు కొని, సీట్లన్నీ పీకి, ఇంటిబస్సు చేశాడు. గ్యాసు పొయ్యి, రెండంతస్తుల మంచాలు, మడిచే బల్ల, కిటికీలకు గళ్ళ తెరలు. ఒక్క మేకు వంకర పోలేదు. ఆ చేతులు అంత చక్కటి పని కూడా చేసేవని అమ్మమ్మ ఎప్పుడూ ఒప్పుకునేది. మిగతా ఊరు గొర్రెల కాన్పులతో తలమునకలుగా ఉంటే కబేళా కుటుంబాలు సెలవులకు బయల్దేరేవి. వీళ్ళూ బయల్దేరారు.

ఊరు దాటాక అమ్మమ్మ అడిగింది. "ఒక్క పది కిలోమీటర్లు నేను నడపనా నెవ్?"

"నువ్వా?" నెవిల్ నవ్వాడు. "గేర్లు వెయ్యడమంటే కేకు పిండి కలపడం కాదు."

"నాన్న లారీ నడిపాను కదా."

"ఆ గులకరాళ్ళ డొక్కుకీ నా బస్సుకీ పోలికా? ఇదిగో, ఆడది తోలే బండిలో నెవిల్ కూర్చున్నాడని గొలుసు మీద తెలిస్తే గొర్రెకి బదులు నన్ను వేలాడదీస్తారు. పక్కన కూర్చుని టీ పోసివ్వు చాలు."

ఆమె టీ పోసింది.

మొదటి ఐదు రోజులు బాగున్నాయి. ఆ మాట అమ్మా చెప్తుంది, మావయ్యా చెప్తాడు. సరస్సు ఒడ్డున ఆగారు. పొద్దున్నే గడ్డి మీద మంచు కరకరలాడేది. నెవిల్ పంది మాంసం సాసేజీలు వేయించేవాడు. రోజూ గొర్రెలు కోసేవాడు గనక గొర్రె మాంసం ముట్టేవాడు కాదు. డారిల్‌కి రెండు వేళ్ళతో ఈల వెయ్యడం నేర్పాడు. అమ్మకు పేకలో మోసం చెయ్యడం నేర్పి, ఆమె చేతిలో ఓడిపోయి, "ఇది నా కూతురే, అనుమానం లేదు" అని ఎత్తి గిరగిరా తిప్పాడు. వేణ్ణీళ్ళ ఊటలో నలుగురూ మెడ దాకా మునిగి కూర్చుంటే తల మీద మంచు రాలింది. ఐదు రోజులూ పౌడరు డబ్బా మూత తెరవలేదు. ఇంట్లో పని లేకపోవడమే ఈయన జబ్బేమో, చక్రాల మీద ఉంటే నయమైపోతాడేమో అనుకుందట అమ్మమ్మ.

ఆరో రోజు కనుమ మీదికి ఎక్కారు.

అక్కడ కియాలు ఉంటాయి. చిలుకలే గానీ మంచులో బతికే చిలుకలు. కోడంత ఉంటాయి, ముక్కు కొడవలిలా ఉంటుంది. బస్సు ఆగీ ఆగకముందే నాలుగు వచ్చి బానెట్ మీద వాలాయి. వాటికి తిండి పెట్టకూడదని అక్కడ బోర్డు ఉంది. నెవిల్ పంది కొవ్వు ముక్కలు విసిరాడు.

"చూడండ్రా వీటి తెలివి! మా ఫోర్‌మన్ కన్నా నయం."

తరవాత జలపాతం చూడ్డానికి నడిచి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి బస్సు మీద పదిహేను ఉన్నాయి. వైపర్ల రబ్బరు లేదు. ముందు అద్దాల చుట్టూ ఉండే రబ్బరు పట్టీని పేగుల్లా బయటికి లాగి చీల్చి పారేశాయి. రెండు పక్షులు అద్దం మీద కూర్చుని జారుతున్నాయి, కింద పడగానే మళ్ళీ పైకెక్కి జారుతున్నాయి. డారిల్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

అమ్మ అంది, "నువ్వే కదా నాన్నా పిలిచి విందు పెట్టావ్."

పక్క బండి వాళ్ళెవరో కూడా నవ్వారు. అది తప్పయింది.

నెవిల్ లోపలికెళ్ళి తన కత్తుల సంచీ తెచ్చాడు. కబేళా మనిషికి కత్తులు సొంతం. సెలవులకు వచ్చినా సంచీ వెంటే ఉంటుంది, దాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదు. అందులోంచి కత్తి నూరే ఉక్కు కడ్డీ తీశాడు. ఎడం చేత్తో కొవ్వు ముక్క చూపించాడు. ఒక కియా మెడ వంకర పెట్టి, ఆలోచించి, గెంతుతూ దగ్గరికి వచ్చింది. కడ్డీతో కొట్టాడు. అది ఒక దెబ్బకు చావలేదు. రెక్క విప్పింది. పైన ఆకుపచ్చగా ఉండే రెక్క లోపలి వైపు నిప్పు రంగులో ఉంటుంది. ఇంకో రెండు దెబ్బలు కొట్టాడు. పక్క బండి వాళ్ళు తలుపులు వేసుకుని వెళ్ళిపోయారు.

"చంపేశావ్!" అని అమ్మ కేక పెట్టింది. "అది నిన్ను నమ్మి వచ్చింది!"

నెవిల్ వెనక్కి తిరిగి, ఎడం చేత్తోనే కొట్టాడు. అమ్మ బస్సు మెట్టు మీద పడింది. పై పెదవి చిట్లి, ముందు పన్ను ఒకటి సగానికి విరిగింది. ఇప్పటికీ నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. అమ్మమ్మ మధ్యలోకి వచ్చింది. ఆమెకు రెండు పడ్డాయి. డారిల్ చక్రం వెనక దాక్కుని ఉచ్చ పోసుకున్నాడు.

"ఎక్కండి," అన్నాడు నెవిల్. కడ్డీని ప్యాంటుకు తుడుచుకుని సంచీలో పెట్టాడు. అద్దాల చుట్టూ నల్ల టేపు అంటించి బండి తీశాడు.

కనుమ దిగే దారంతా అమ్మమ్మ కూతురి మొహానికి తడిగుడ్డ పట్టుకుని కూర్చుంది. పొడవాటి ఉపాయాలు ఆమెకు తట్టవు. ఒక్కటే అనుకుంది: ఈ బస్సు దక్షిణానికి తిరిగే లోపు పిల్లలు క్లారీ ఇంట్లో ఉండాలి. కొండ దిగి, ఏరు దాటితే అక్కణ్ణుంచి అది అరగంట దూరం.

గొంతులో తేనె పోసుకుని అడిగింది. "నెవ్, ఎలాగూ ఇంత దూరం వచ్చాం. నాన్న దగ్గర ఒక పూట ఆగుదామా? అద్దాలకి రబ్బరు కూడా అక్కడ దొరుకుతుంది."

"పిల్ల మొహం చూపించడానికా? ముసలాడి ముందు నన్ను నిలబెట్టడానికా? పెదవి మానేదాకా ఎవరింటికీ వెళ్ళేది లేదు."

రోడ్డు దిగి, ఒక కంచె గేటు తీసి, ఏటి రాళ్ళ మీదికి తోలాడు. గట్టుకు రెండు వందల గజాల లోపల, రెండు పాయల మధ్య, చదునైన గులక మీద ఆపాడు. ఎవరూ రాని చోటు. ఎవరికీ కనపడని చోటు.

మర్నాడు పొద్దున లేచేసరికి వేడిగాలి కొడుతోంది. వాయవ్యపు గాలి. నిన్నటి మంచు ఎక్కడో, ఇది ఎక్కడో. పొయ్యి తలుపు తెరిస్తే మొహానికి కొట్టినట్టుంది. నెత్తి మీద ఆకాశం నీలంగా ఉంది. పడమట కొండల మీద మాత్రం మేఘం విల్లులా వంగి, దాని కింద ఒక తెల్లటి ఖాళీ కనిపిస్తోంది. అమ్మమ్మ మెట్టు మీద నిలబడి ఆ విల్లును చూసింది.

"నెవ్, విల్లు కట్టింది. బస్సు గట్టెక్కిద్దాం."

నెవిల్ చొక్కా లేకుండా కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. "దేనికి?"

"ఏరు వస్తుంది."

"వాన ఏదే? చుక్క చూపించు."

"ఇక్కడ పడక్కర్లేదు. కొండల్లో పడితే చాలు."

"మొత్తం దేశంలో వాన నీ ఒక్కదానికే చెప్పి పడుతుందా? అవతల పడ్డ వాన అవతలి సముద్రంలోకి పోతుంది. నీళ్ళు కొండెక్కి దిగుతాయా?"

దక్షిణం వాడు. వాళ్ళ వాన దక్షిణం నుంచే వస్తుంది, చెప్పి మరీ వస్తుంది. ఏటి తల ఆ కొండల నడుములోనే ఉందనీ, అక్కడ కురిస్తే ఇక్కడ ఎండలో మనిషి మునుగుతాడనీ మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు.

"నాన్న ఈ ఏట్లో నలభై ఏళ్ళు..."

నాన్న అన్న మాట పూర్తి కాలేదు. జుట్టు పట్టుకుని బస్సులోకి ఈడ్చి, పొయ్యి అంచుకు మొహం కొట్టాడు. పొయ్యి మీద ఏమీ లేదు కాబట్టి సరిపోయింది. పిల్లలు పై మంచం మీంచి చూస్తున్నారు. చూడకుండా గోడ వైపు తిరగడం వాళ్ళకు అలవాటే గానీ, ఆ రోజు అమ్మ తిరగలేదు.

"నేను వచ్చేసరికి ఈ మొహాలు మారాలి," అన్నాడు. బస్సు తాళం జేబులో వేసుకున్నాడు. తుపాకి తీసుకుని, చీలమండ లోతు ఉన్న పాయ దాటి, అవతలి లంక మీదికి కుందేళ్ళ కోసం వెళ్ళాడు.

తొమ్మిదిన్నరకి నీటి రంగు మారింది. అంతదాకా గాజులా ఉన్న నీళ్ళు పాలు కలిపినట్టు బూడిద రంగుకు తిరిగాయి. తరవాత నురగ వచ్చింది. ఆ వెనక పచ్చి కొమ్మలు, అప్పుడే విరిగినవి. బస్సుకీ గట్టుకీ మధ్య ఉన్న పొడి పాయలో సన్నగా ఒక నీటి తీగ పాకింది. అమ్మమ్మ హారన్ కొట్టింది. లంక మీద నెవిల్ చెయ్యి ఊపాడు. భోజనానికి పిలుస్తున్నానని అనుకున్నాడు, తొమ్మిదిన్నరకి ఏం భోజనమో, అని నవ్వేది అమ్మమ్మ, ఆ మాట చెప్పినప్పుడల్లా. మళ్ళీ కొట్టింది. వీపు తిప్పాడు.

తాళం లేదు. క్లారీ లారీకి ఏనాడూ తాళం లేదు. డాష్‌బోర్డు కిందకి చెయ్యి పెట్టి రెండు తీగలు లాగి కలిపింది. కదిలించే ముందు ఇంకో పని ఉంది. ఇంజను ముందు తిరిగే ఫ్యాన్, లోతు నీళ్ళలో ఆ నీళ్ళనే ఇంజను మీదికి చిమ్మి చంపేస్తుంది. ఏట్లో దిగే వాళ్ళెవరైనా ముందు ఫ్యాన్ బెల్టు తీసేస్తారు. తియ్యడానికి పానా లేదు. కత్తుల సంచీ ఉంది. పన్నెండేళ్ళలో ఆమె దాని ముడి కూడా ముట్టుకోలేదు. విప్పి, అన్నిట్లోకీ పొడవైనది తీసి బెల్టు కోసింది. వెన్నలా తెగిందట. కడ్డీని తీసి తన సీటు పక్కన పెట్టుకుంది. ఎందుకని నేను అడిగితే, "సంచీలోంచి జారిపడింది, అక్కడే ఉండనీ అనుకున్నా," అంది.

గట్టు వైపు పాయ అప్పటికి మోకాలి లోతు. సునాయాసంగా దాటింది. గట్టు పైన, గడ్డి మీద పిల్లల్ని దింపి, దుప్పట్లు ఇచ్చి, కంచె స్తంభం పట్టుకుని కూర్చోమంది.

"మనం ఇప్పుడే వెళ్ళిపోదాం," అంది అమ్మ. "క్లారీ తాత దగ్గరికి. ఇప్పుడే అమ్మా."

"వెళ్దాం. ముందు మీ నాన్నని తీసుకొస్తా."

"వదిలెయ్."

అమ్మ నాకు ఈ మాట ఒక్కసారే చెప్పింది, గిన్నెలు కడుగుతూ, మొహం ఎత్తకుండా. పదకొండేళ్ళ పిల్లనై ఉండి, మా నాన్నని ఏట్లో వదిలెయ్యమన్నాను, అంది.

లంక చిక్కిపోతోంది. నెవిల్ ఇప్పుడు ఈ వైపు చూస్తున్నాడు. రెండుసార్లు గాల్లోకి పేల్చాడు. పొద్దున చీలమండ దాకా ఉన్న పాయ తొడల దాకా వచ్చింది. ఈదడం రాని మనిషి. వదిలేస్తే గంటలో అంతా అయిపోతుంది, ఎవరూ ఏమీ అడగరు. పిల్లలు గట్టు మీద ఉన్నారు, బస్సు చేతిలో ఉంది. అనుకున్నది దొరికేసింది.

అమ్మమ్మ నీటి పక్కన వంగి చెవి పెట్టింది. చిన్న రాళ్ళు అడుగున దొర్లుతుంటే డబ్బాలో గోళీల చప్పుడు వస్తుంది. పెద్దవి కదిలితే లోపలి నుంచి ఉరుము వస్తుంది, ఉరుము విన్నాక దేవుడే పిలిచినా దిగకు అని క్లారీ చెప్పాడు. ఇంకా గోళీలే. ఆమె బస్సెక్కింది.

"అమ్మా!" అని డారిల్ ఏడ్చాడు. ఆమె తిరిగి చూడలేదు.

మొదటి గేరు. నీళ్ళు వెడల్పై పరుచుకుని పారే చోట, ప్రవాహంతో పాటు ఏటవాలుగా. ఆగకూడదు, గేరు మార్చకూడదు. గట్టు పాయ దాటింది. గులక దాటింది. రెండో పాయలో నీళ్ళు మెట్టు ఎక్కి లోపలికి వచ్చాయి. ఒక దుంగ పక్కకు గుద్దితే బస్సు ఒరిగి నిలబడింది. అప్పుడే గాలి ఒక్క తన్ను తన్నింది. కియాలు రబ్బరు పీకిన ఎడమ అద్దం, నల్ల టేపుతో సహా, ఊడి లోపల పడి పగిలింది. నుదుటి మీద గాజు కోసింది. కళ్ళలోకి వచ్చింది నీళ్ళో నెత్తురో తెలియలేదట. లంక అంచుకు బస్సు ముక్కు తాకింది. ఇంజను ఆపకుండా క్లచ్చి తొక్కిపట్టింది.

నెవిల్ తుపాకి పారేసి, నడుం లోతు నీళ్ళలో తూలుకుంటూ వచ్చి తలుపు పట్టుకుని ఎక్కాడు. దగ్గాడు. మొదటి మాట ఇది:

"లే అక్కణ్ణుంచి."

"వెనక కూర్చో నెవ్." బస్సును తిప్పుతోంది.

"లేవమన్నానా! నా బస్సు ముంచుతావా లంజా?"

"ఆగితే మునుగుతాం. కూర్చో."

బస్సు పాయ మధ్యలో ఉంది. అతను స్టీరింగు పట్టుకుని గుంజాడు. ఆమె వదల్లేదు. ఇంకో చేత్తో చెంప మీద కొట్టాడు. తల వెళ్ళి స్టీరింగుకు తగిలింది, పాదం జారబోయింది, ఇంజను ఆగబోయి దగ్గింది. బస్సు వెనక భాగం ప్రవాహం వైపు కొట్టుకుపోవడం మొదలైంది. ఆమె ఎడం చెయ్యి సీటు పక్కకు వెళ్ళింది.

స్టీరింగు పట్టుకున్న అతని కుడి మణికట్టు మీద ఉక్కు కడ్డీతో కొట్టింది. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. అతని వేళ్ళు విడిపోయాయి. ఆమె మళ్ళీ, అక్కడే, కొట్టింది.

"మొదటిది స్టీరింగు కోసం," అనేది నాతో. "రెండోదానికి ఆ వంక లేదు. చెప్పుకోవడం దేనికి, ఎందుకు కొట్టానో నాకు తెలుసు."

నెవిల్ నీళ్ళు నిండిన నేల మీద, గిన్నెల మధ్య పడి అరుస్తున్నాడు. ఆమె పాదం నొక్కింది. వెనక చక్రాలు గులకను కొరికాయి. గట్టు పాయలోకి దిగేసరికి అడుగున ఉరుము మొదలైంది. చక్రాల కింద భూమి వణికింది. ముందు చక్రాలు గడ్డి ఎక్కాయి, వెనకవి జారాయి, మళ్ళీ ఎక్కాయి. ఆమె బ్రేకు వేసి వెనక్కి చూసేసరికి వాళ్ళు నిద్రపోయిన చోటు మీంచి ఒక చెట్టు, వేళ్ళతో సహా, నిటారుగా వెళ్ళిపోతోంది.

ఫ్యాన్ బెల్టు లేకుండా దూరం పోలేరు. అమ్మమ్మ తన పొడుగు మేజోళ్ళు విప్పి, మెలిపెట్టి, బెల్టు బదులు కట్టింది. పిల్లల్ని ఎక్కించుకుని, ఎడమ అద్దం లేని బస్సును గాలికి ఎదురుగా ఆసుపత్రి దాకా తోలింది. ప్రతి గుంతకీ వెనక నుంచి మూలుగు.

"గేర్లు బాగానే వేస్తున్నానా నెవ్?" అని ఒకసారి అడిగిందట.

ఆసుపత్రిలో డాక్టరు చెయ్యి చూశాడు. రెండు ఎముకలు, మూడు చోట్ల. "ఎలా జరిగింది?"

నెవిల్ గోడ వైపు చూస్తూ అన్నాడు. "ఏరు. దుంగొచ్చి తగిలింది."

డాక్టరు అమ్మమ్మ మొహం చూశాడు, తరవాత మా అమ్మ పెదవి చూశాడు. "మీక్కూడా ఆ దుంగేనా?"

"నాకు పన్నెండేళ్ళుగా తగుల్తూనే ఉంది," అంది అమ్మమ్మ.

పిండికట్టు ఆరేదాకా వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. పిల్లలు బస్సులో ఉన్నారు. అమ్మమ్మ చెప్పింది. "నేను పిల్లల్ని తీసుకుని నాన్న దగ్గరికి పోతున్నా. రైలెక్కి నువ్వు ఇంటికి పో. బస్సు నా దగ్గరే ఉంటుంది."

"ఆ బస్సు నేను కట్టింది! పోలీసుల్ని తీసుకొస్తా. వచ్చి నీ ఎముకలు..."

"రా. నేనూ వస్తా. టీ విరామంలో గొలుసు దగ్గరికి. నెవిల్ చెయ్యి విరిచింది దుంగ కాదు, వాళ్ళావిడ, అతని కడ్డీతోనే, బస్సు తోలుతూ విరిచింది అని అందరి ముందూ చెప్తా. ఎలా తోలానో కూడా చెప్తా."

నెవిల్ పిండికట్టు వైపు చూసుకున్నాడు. నర్సు ఒకామె బండి తోసుకుంటూ పోయింది.

"దుంగ అనే చెప్పు," అన్నాడు చివరికి.

"దుంగే. నువ్వు దక్షిణాన ఉన్నంత కాలం దుంగే."

అతను రాలేదు. జైలుకైనా వెళ్ళేవాడేమో గానీ గొలుసు మీది వాళ్ళ నవ్వు ముందు నిలబడలేడు. చెయ్యి వంకరగా అతుక్కుంది. మళ్ళీ కత్తి పట్టలేకపోయాడు. తోళ్ళు మడిచే చోట వేశారట. దుంగ కథ ఏటేటా పెద్దదవుతూ వచ్చిందని, చివరికి అది రెండు టన్నుల దుంగ అయిందని అక్కడి నుంచి వచ్చినవాళ్ళు చెప్పేవాళ్ళు. అమ్మమ్మ దాన్ని ఏనాడూ సరిదిద్దలేదు.

పెద్దబండి లైసెన్సు పరీక్షకు వెళ్తే, అధికారి ఆమెను బస్సు ఇరుకు సందులోంచి వెనక్కి తియ్యమన్నాడు. తీసింది. "ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అంటే, "ఏట్లో," అంది. ఆ తరవాత బడి బస్సు. ఇంటిబస్సు మాత్రం పెరట్లోనే ఉండేది. ఎడమ అద్దం ఇంకేదో బండిది తెచ్చి బిగించడంతో కొంచెం పచ్చగా ఉండేది. ప్రతి సెప్టెంబరు సెలవులకు పిల్లలతో అందులోనే వెళ్ళేది. ఏటి రాళ్ళ మీద ఆగేది కాదు.

అమ్మ పెళ్ళికి నెవిల్ వచ్చాడు. అమ్మే పిలిచింది. ఎందుకు పిలిచిందో అమ్మమ్మ అడగలేదు. జుట్టు నెరిసి, కోటు వదులైపోయి, హాలు బయట నిలబడ్డాడు. అమ్మమ్మకు ఎడం చెయ్యి అందించాడు. ఆమె తీసుకుంది.

"చెయ్యి ఎలా ఉంది?"

"సలుపుతుంది. వాయవ్యపు గాలి లేచే ముందు రోజే సలుపుతుంది."

"అయితే విల్లు చూడ్డం వచ్చిందన్నమాట."

అతను హాలు పక్కనే ఉన్న అమ్మమ్మ ఇంటి పెరటి వైపు చూశాడు. "బస్సు ఇంకా ఉందా?"

"ఉంది."

"ఒకసారి ఎక్కి చూడనా?"

అమ్మమ్మ వెళ్ళి తలుపు తీసింది. అతను మెట్ల మీద ఆగాడు. గళ్ళ తెరలు, మడత బల్ల, తను కొట్టిన మేకులు చూశాడు. డ్రైవరు సీటు దగ్గరికి ఒక అడుగు వేశాడు.

"అక్కడ కాదు," అంది ఆమె కింద నుంచి. "వెనక."

నెవిల్ వెళ్ళి వెనక కూర్చున్నాడు. హాల్లో కేకు కోస్తున్నారని పిలుపు వచ్చేదాకా అక్కడే ఉన్నాడు. ఆమె తలుపు పట్టుకుని బయటే నిలబడింది.